నాలుగు వేళ్ల లూజు

"చేతులు పైకెత్తినప్పుడు చంకల్లో పట్టేయకూడదు. ఆ ఒక్కటీ చూసుకో, మిగతాదంతా నీ ఇష్టం," అన్నాడు ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

మిగతాదంతా అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. బట్ట కొనుక్కురావడం, తడిపి ఆరేయడం, ఇస్త్రీ చేసి కత్తిరించడం, కుట్టడం, కుట్టింది మళ్లీ ఇస్త్రీ చేయడం, అన్నీ కలిపి మిగతాది. ఆ ఇంట్లో 'నీ ఇష్టం' అనే మాట ఎప్పుడు వినిపించినా దాని వెనకాల ఓ పని తగిలించే ఉంటుంది. ఆమె టేపు మెళ్లో వేసుకుని ఆయన కుర్చీ వెనకాల నిలబడింది.

"ఓసారి లేచి నిలబడండి. కొలత తీసుకుంటాను."

"నా కొలతలు నీకు తెలియవా ఏమిటి? పెళ్లైన దగ్గర్నుంచీ కుడుతున్నావుగా. నాకు ఆఫీసు టైమవుతోంది."

తెలియకేం. ఆయన ఎప్పుడూ కొలతకు నిలబడిన మనిషి కాదు. కొత్తల్లో ఒకటి రెండుసార్లు నిలబడి, చక్కిలిగింతలు పెడుతున్నావని విదిలించుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఆమె ఓ పద్ధతి పెట్టుకుంది. ఇద్దరూ ఇంచుమించు ఒకే ఎత్తు. ఆయనకు ఏది కుట్టినా ముందు తన ఒంటికి వేసుకుని, బీరువా అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుని, చంక దగ్గరా ఛాతీ దగ్గరా నాలుగు వేళ్లు లూజు వదిలేది. ఆయన పొట్ట పెరిగినప్పుడల్లా ఆ నాలుగు వేళ్లూ కాస్త లావెక్కేవి. "మా ఆవిడ చేయి పడితే చాలు, కొలతలే అక్కర్లేదు," అని ఆయన ఆఫీసులో గొప్పగా చెప్పుకుంటాడట. మెచ్చుకోలే, కాదనడానికి లేదు. ఆయన నిలబడాల్సిన రెండు నిమిషాలు కూడా తనే నిలబడుతోందన్న సంగతి మాత్రం ఆ మెచ్చుకోలులో ఎక్కడా ఉండదు.

ఈసారి కుట్టాల్సింది చొక్కా కాదు, తెల్ల అంగీ. వాళ్ల మందిరంలో పాస్టరుగారు రిటైరై వెళ్లిపోయారు, కొత్తాయన రావడానికి ఇంకా నెలలు పడుతుంది. ఈలోగా ప్రసంగం ఎవరో ఒకరు చదివేస్తారు, పాటలు ఎలాగూ ఆడవాళ్లే పాడతారు. ఎటొచ్చీ ఆరాధన చివర్లో చేతులెత్తి జనం మీద దేవుని దీవెన పలికేది ఎవరన్నదే తేలలేదు. కమిటీవాళ్లు తలుపులేసుకుని కూర్చుని, ఎంతో ఆలోచించి, నీళ్ల ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేస్తున్న ఈయన్ని ఎన్నుకున్నారు. గొంతు పెద్దది, మనిషి నిదానస్తుడు. పైగా వాళ్ల నాన్నగారు సంఘ పెద్దగా ఉన్నన్నాళ్లూ ఆ పని చేసినవారే. ఎన్నుకున్న రోజు ఆయన ఇంటికి వచ్చిన నడకే వేరుగా ఉంది, గుమ్మంలో చెప్పులు కూడా విప్పి ఒకదాని పక్కన ఒకటి సర్దాడు.

ఆ మర్నాటినుంచి స్నానాలగదిలో సాధన మొదలైంది. నీళ్ల చప్పుడు ఆగడం, ఓ క్షణం నిశ్శబ్దం, తర్వాత ఆ పెద్ద గొంతు. ఎడారిలో యాజకులకు దేవుడు స్వయంగా నేర్పించాడని చెప్పే మూడు ముక్కల దీవెన అది. కాపాడమని ఒకటి, తన ముఖపు వెలుగు ప్రసరింపజేయమని ఒకటి, నెమ్మది ఇమ్మని ఒకటి. ఆయన చేతులెత్తితేనే మొదటి మాట అందుకునేవాడు, చేతులు దించితే మర్చిపోయేవాడు. సబ్బు కళ్లలో పడి రెండో ముక్క దగ్గర ఆగిపోతే, వంటగదిలో గిన్నె తోముతున్న ఆమె పెదాల మీద మూడోది దానంతటదే వచ్చేసేది. ఆ మూడింటి తర్వాత లేఖనంలో ఇంకో మాట ఉంది, దాన్ని ఆయన ఎప్పుడూ సాధన చేయలేదు. మీరు వాళ్ల మీద నా పేరు ఉంచండి, దీవించేది మాత్రం నేనే అంటాడు దేవుడు. గిన్నె బోర్లించి ఆమె ఆ మాట దగ్గరే ఆగిపోయేది. దీవించేది దేవుడైతే, చెప్పేవాళ్లది ఉత్తరం తెచ్చి ఇచ్చే మనిషి పాటి పనేగా. ఉత్తరం తెచ్చే మనిషికి గొంతు పెద్దదా చిన్నదా, మగా ఆడా అని ఎవరడుగుతారు?

అసలు ఆ దీవెన పలికేటప్పుడు మందిరం లోపల ఎలా ఉంటుందో చూసి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తే లేదు. ఆఖరి పాట మొదలవగానే ఆడవాళ్లలో పనిమంతులు నలుగురు ఒక్కొక్కరే లేచి పక్క గదిలోకి జారుకుంటారు. దీవెన అయ్యేసరికి టీ సిద్ధంగా ఉండాలి. అది ఎవరూ రాసి పెట్టిన రూలు కాదు, అందుకే ఎవరూ కొట్టేయలేదు. ఆమె కోడలిగా వచ్చిన మొదటి ఆదివారమే అత్తగారు మోచేత్తో పొడిచి, "రా అమ్మాయ్, కప్పులు కడగాలి," అని లేపుకెళ్లింది. ఆ వేళనుంచీ ఆమెకు అందిన దీవెనంతా కప్పుల చప్పుడులో, గోడ అవతలినుంచి, సగం సగంగా అందిందే. కాపాడుగాక అన్నది వినబడేసరికి పాలు పొంగేవి. నెమ్మది అన్నది వినబడేసరికి ఎవరో చక్కెర ఏదని అరిచేవారు.

కొత్తల్లో ఒకసారి మామగారు ప్రయాణమై వెళ్తుంటే, సంచి అందిస్తూ ఆమె, "దేవుడు మీ రాకపోకల్లో తోడుండాలి మామయ్యా," అంది. మనసులోంచి వచ్చిన మాట. ఆయన కోప్పడలేదు, నవ్వాడు. "చిన్నవాళ్లు పెద్దవాళ్లని దీవించరమ్మా, పెద్దవాళ్లే చిన్నవాళ్లని దీవిస్తారు," అన్నాడు. పక్కనే ఉన్న భర్త కూడా నవ్వాడు. అయితే పెద్దయ్యాక చెబుదాంలే అనుకుంది ఆ పిల్ల. కూతురు పుట్టింది, కళ్లజోడు వచ్చింది, జుట్టు నెరిసింది, షాపులో అమ్మాయిలు ఆంటీ అనడం మొదలుపెట్టారు. ఎంత పెరిగినా ఇంట్లో ఆమె ఇంకా పెద్దది కాలేదు. ఈ లెక్క ఎక్కడ తేడా వచ్చిందో ఆమెకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

నోరు మూసుకుంది కానీ లోపలున్న మాట ఊరుకోలేదు. బట్టల షాపు వెనక గదిలో ఆమె పని, కొన్నవాళ్లకు పొట్టీ పొడుగూ సరిచేసి ఇవ్వడం. కుట్టు అయిపోయి ఆఖరి ముడి వేసి, దారం పంటితో తెంపేటప్పుడు లోపలే ఓ మాట అనేది. బడి గౌను అంచు దించితే, ఈ పిల్ల ఇంకా పొడుగెదగాలి తండ్రీ. ఇంటర్వ్యూకని ప్యాంటు బిగించుకున్న కుర్రాడికి, వీడు ఈ ప్యాంటుతోనే జీతం తెచ్చుకోవాలి. బాలింత జాకెట్టుకు, ఈ తల్లికి ఓ పూట నిద్ర. ఎవరికీ వినబడదు, ఎవరి అధికారానికీ అడ్డం రాదు. "ఆ పెదాలు కదపడం మానేస్తే ఇంకో రెండు అంచులు దించొచ్చు," అన్నాడు షాపు ఓనరు ఒకసారి. ఆమె సరేనంది. ఆ సాయంత్రం ఓనరు కోటు బొత్తాం ఊడితే కుట్టి ఇస్తూ, ఇతనికి కాస్త ఓపిక ఇయ్యి తండ్రీ అని పెదాలు కదపకుండానే అనేసింది.

ఇప్పుడు కూతురు చిట్టి రైలు నడిపే ఉద్యోగం సంపాదించింది. శిక్షణ పూర్తయింది, సోమవారంనుంచి డ్యూటీ. ఆ రైలు పెట్టెల్లో వందలమంది ఎక్కుతారు, ముందు గదిలో ఒక్కతే కూర్చుంటుంది, చిన్నప్పుడు చీకటి గదిలోకి వెళ్లాలంటే తన కొంగు పట్టుకున్న పిల్ల. కొత్త పనిలోకి వెళ్లేవాళ్లను ఆదివారం ఆరాధన చివర ముందుకు పిలిచి మోకాళ్ల మీద కూర్చోబెట్టి దీవించడం వాళ్ల సంఘంలో అలవాటు. అంటే తండ్రి మొదటిసారి అంగీ వేసుకుని దీవించే రోజునే కూతురు ఆయన ముందు మోకరిస్తుంది. ఇంట్లో అందరికీ సంతోషమే. ఆమెకూ సంతోషమే, కానీ ఆ సంతోషంలో ఓ ముల్లుంది. ఆ సమయానికి తను పక్క గదిలో కప్పులు కడుగుతూ ఉంటుంది.

గురువారం భోజనాల దగ్గర ధైర్యం చేసి అడిగింది. "ఆ రోజు మీ మాట అయ్యాక, అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి నేనూ ఓ మాట చెప్పనా?"

ఆయన చెయ్యి ప్లేటులో ఆగింది. "ఎక్కడ? మందిరంలోనా?"

"అవును."

"నువ్వు ఇంట్లో ముద్దుపెట్టుకోవే, ఎవరు వద్దన్నారు? దీవెనంటే నోటికొచ్చిన మాట కాదు, దానికో అధికారం ఉండాలి. సంఘం ఇచ్చేది." ఆయన గొంతులో కటువుదనం లేదు, చెత్తబుట్ట ఎక్కడ పెట్టాలో చెప్పినట్టే చెప్పాడు. "టీ సంగతి చూసుకో. ఆ రోజు జనం ఎక్కువొస్తారు."

చిట్టి తల్లి వంక చూసింది, తండ్రి వంక చూసింది, ఏదో అనబోయి నీళ్లు తాగింది. అత్తగారు ప్లేటులోకి చూస్తూ నమిలిందే నమలసాగింది. ఆమె లేచి గిన్నెలు తీసింది. ఏడుపొచ్చిందా అంటే రాలేదు. కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పుకోవడానికి కూడా పై సంతకం కావాలా అని చాలా కోపం వచ్చింది.

శుక్రవారం షాపుకు సెలవు. కుట్టడానికి కూర్చుంటే కోపం చేతుల్లోకి దిగి మిషను పరుగెత్తింది. మధ్యాహ్నానికి అంగీ ఓ రూపానికి వచ్చింది. చేతులు తాత్కాలికంగా పొడవాటి కుట్లేసి బిగించి, ఎప్పటిలాగే తను వేసుకుని అద్దం ముందు నిలబడింది. తెల్లగా, భుజాలనుంచి మడమలదాకా తిన్నగా జారిన బట్టలో ఎవరో పెద్దావిడ కనబడింది. చంకల్లో పడుతోందేమో చూడాలిగా. చేతులు పైకెత్తింది. ఎక్కడా పట్టలేదు. చేతులు అలా ఎత్తి నిలబడ్డ మనిషికి నోరు మూసుకుని ఉండటం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. మొదటి ముక్క మెల్లగా వచ్చింది. రెండోది కాస్త గట్టిగా వచ్చింది. అంత గొంతు తనకుందని ఆమె ఎరగదు.

అద్దంలో వెనకాల గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది, చేతిలో ఖాళీ గ్లాసుతో.

ఆమె చేతులు చటుక్కున దించేసింది. "చంక చూస్తున్నానత్తయ్యా. ఆయన నిలబడరు కదా."

"చూశావుగా. మరి ఆపేశావేం?"

"ఏమిటి?"

"మూడో ముక్క." అత్తగారు గ్లాసు బల్ల మీద పెట్టి, కర్ర ఊతంగా వచ్చి మంచం అంచున కూర్చుంది. "సగంలో వదిలేస్తే అది ఎవరికి తగలాలి? కానివ్వు. ఇక్కడ నేనున్నాగా." కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "మీ మామయ్య ఊరందరినీ దీవించాడు. బాగా చెప్పేవాడని అంతా అనేవారు. నేనెప్పుడూ వినలేదు. టీ కాస్తున్నా."

తనను మోచేత్తో పొడిచి కప్పుల దగ్గరికి లాక్కెళ్లిన మనిషి ఈవిడే, ఈవిడను అంతకుముందు ఇంకెవరో పొడిచే ఉంటారు. అత్తగారు తల వంచింది. పల్చబడ్డ తెల్లజుట్టు మధ్య పాపిట వెడల్పుగా, పసిపిల్ల తలలా మెత్తగా ఉంది. ఆమె ఆ తల మీద చెయ్యి వేసింది. చిన్నవాళ్లు పెద్దవాళ్లని దీవించరన్న మాట గుర్తొచ్చింది, వచ్చి దాని దారిన అది వెళ్లిపోయింది. మూడు ముక్కలూ మొదటినుంచి చివరిదాకా చెప్పింది.

అత్తగారు కళ్లు తుడుచుకుని కళ్లజోడు పెట్టుకుంది. "బాగుంది. అదే నోటితో మోకాళ్ల నొప్పి సంగతి కూడా ఓ మాట కలపాల్సింది."

ఇద్దరూ నవ్వుకున్నారు, ఒకసారి మొదలుపెట్టాక ఆగలేకపోయారు. ఆ నవ్వు మీదే ఆమె మళ్లీ మిషను దగ్గర కూర్చుని గట్టి కుట్లు వేసేసింది, అంచులు మడిచేసింది, ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించేసింది. సాయంత్రం ఆయన వచ్చాక వేసుకుని చూడమంటే, "ముందే వేసుకుంటే ఇస్త్రీ నలుగుతుంది. నువ్వు చూశావుగా?" అన్నాడు.

"చూశాను," అంది ఆమె.

ఆదివారం టీ గది ఎప్పటిలాగే ఉంది. స్టవ్ మీద పెద్ద గిన్నె, బల్ల మీద కప్పుల బారులు, నలుగురు ఆడవాళ్లు. గోడ అవతల ఆఖరి పాట అయిపోయింది. కమిటీ సెక్రటరీగారు చిట్టిని ముందుకు రమ్మన్నారు. అడుగుల చప్పుడు వినబడింది, మోకరించే వేళ బల్ల కిర్రుమంది. ఆఖరి పాటలోనే ఆయన అంగీ తొడుక్కుని వేదిక ఎక్కి ఉంటాడు, ఇక ఆ పెద్ద గొంతు రావాలి. ఆమె చేతిలోని కప్పు అలాగే పట్టుకుని చెవి అటు పెట్టింది.

గొంతు రాలేదు. ఎవరో దగ్గారు.

"ఏమైందక్కా?" అంది కప్పులు తుడుస్తున్న ఒకావిడ, ఆసుపత్రిలో నర్సు.

అప్పుడు తట్టింది ఆమెకు. నాలుగు వేళ్లు. శుక్రవారం నవ్వుల్లో పడి, చంక దగ్గర నాలుగు వేళ్లు లూజు వదల్లేదు. ఛాతీ దగ్గరా వదల్లేదు. అది అచ్చంగా తన ఒంటి కొలతకు కుట్టేసింది.

తలుపు సందులోంచి చూస్తే ఆయన వేదిక మీద నిలబడి ఉన్నాడు. చేతులు భుజాలదాకా వచ్చి ఆగిపోయాయి, ఎవరో పెద్ద పెట్టె అందిస్తుంటే అందుకోబోతున్న మనిషిలా ఉన్నాడు. పైకెత్తబోతే అంగీ మొత్తం చెవులదాకా లేచి వస్తోంది. మెడ ఎర్రబడింది. చేతులు ఎత్తితేగాని ఆయనకు మొదటి మాట రాదు. బల్లల నిండా జనం తలలు వంచుకుని ఓపిగ్గా కాచుకుని ఉన్నారు. ముందు మోకరించిన చిట్టి భుజాలు వణుకుతున్నాయి, అది ఏడుపు కాదని తల్లికి ఒక్క చూపులో తెలిసింది.

ఆయన కళ్లు టీ గది తలుపు మీద పడ్డాయి. రమ్మన్నట్టు గడ్డం కదిపాడు.

ఆమె యాప్రన్ జేబులో దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. అది తీసుకుని నడిచింది. చేతిలో చీపురు లేకుండా ఆ వేదిక మెట్లు ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి.

"చంక దగ్గర కోసెయ్," అన్నాడు ఆయన పళ్ల బిగువున. "త్వరగా."

రెండు చోట్ల కత్తెర ఆనిస్తే చాలు, ఆయన చేతులు లేస్తాయి, మాటలొస్తాయి, తను వెళ్లి టీ వడకట్టుకోవచ్చు. ఆమె కత్తెర కుట్టుకు ఆనించింది కూడా. ఆ కుట్టు చక్కగా, తిన్నగా, ఎక్కడా తప్పులేకుండా ఉంది. కింద చిట్టి తలెత్తి చూస్తోంది. నవ్వు ఆపుకుని ఆపుకుని దాని కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్ల వెనకాల మాత్రం నవ్వు లేదు. రేపు ఒక్కతే ఆ ముందు గదిలో కూర్చోవాలన్న భయం ఉంది.

"అమ్మా," అంది చిట్టి మెల్లగా. "నువ్వు చెప్పమ్మా."

సెక్రటరీగారు కదిలారు. "అదెలా కుదురు..."

"బాగానే చెబుతుంది," అంది ముందు బల్ల మీదనుంచి అత్తగారు, మందిరమంతా వినబడేలా. "శుక్రవారం నాకు చెప్పింది. నెమ్మదిగా ఉంది ప్రాణానికి. నువ్వు కూర్చో నాయనా."

సెక్రటరీగారిని చిన్నప్పుడు ఆదివారం బడిలో చెవి మెలేసి పాఠం చెప్పించిన మనిషి ఆవిడ. ఆయన కూర్చున్నారు. ఆమె భర్త ముఖంలోకి చూసింది. కోపం ఉంటుందనుకుంది. చేతులు సగంలో వేలాడుతున్న ఆ మనిషి ముఖంలో ఎవరైనా ఈ పని నా మీదనుంచి తీసుకుంటే బాగుండునన్న బెంగ తప్ప ఏమీ లేదు.

"ఇది పట్టుకోండి," అని కత్తెర ఆయన చేతిలో పెట్టి, ఆమె కూతురి తల మీద రెండు చేతులూ ఉంచింది. చేతులు కాస్త తడిగా ఉన్నాయి, కప్పులు కడిగిన చేతులు.

ఆ పాత మూడు ముక్కలూ చెప్పింది. తర్వాత ఇన్నేళ్లూ పంటి కింద దారంతో పాటు తెంపేసిన మాటలు వచ్చాయి. "నువ్వు బండి ఎక్కే ప్రతి పొద్దూ దేవుడు నీకంటే ముందు ఎక్కి కూర్చోవాలి. నీ వెనకాల కూర్చున్నవాళ్లంతా ఎవరింటికి వాళ్లు చేరాలి. దిగేటప్పుడు వాళ్లకు నీ పేరు తెలియకపోయినా, ఆయన పేరు నీ మీద ఉండాలి. అలిసిపోయి ఇంటికొస్తే నీకు ఎవరో ఒకరు టీ ఇవ్వాలి." బల్లల్లోంచి చిన్న నవ్వు వచ్చింది. టీ గది తలుపు దగ్గర ముగ్గురు ఆడవాళ్లు తుడిచే గుడ్డలు చేతుల్లో పట్టుకునే తలలు వంచి నిలబడ్డారు. ఆమె వాళ్లవైపు తిరిగి చేతులెత్తింది. "అందరికీ," అంది.

అందరికంటే ముందు ఆమెన్ అన్నది ఆయనే. ఆ పెద్ద గొంతు అప్పటికి దొరికింది.

పక్క గదిలో టీ పొంగి స్టవ్ ఆరిపోయింది. ఆ వేళ టీ చాలా ఆలస్యమైంది. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. కొందరు మగవాళ్లు ఏం చేయాలో తోచక తామే కప్పులు అందించారు. సెక్రటరీగారు గొణుగుతూనే రెండు కప్పులు తాగారు. "ఇకమీదట దీవెన అయ్యాకే స్టవ్ వెలిగిద్దాం అక్కా," అంది నర్సు. మిగతా ఇద్దరూ ఇందులో అడగాల్సిందేముంది అన్నట్టు చూశారు.

సాయంత్రం ఇంట్లో ఆయన అంగీ మడత విప్పి మంచం మీద పరిచి, చంక కుట్టు వేలితో తడిమి చూశాడు. చిట్టి అవతలి గదిలో నానమ్మకు రైలు ఆపే పద్ధతి చెబుతోంది.

"వచ్చేవారంలోగా ఇది కాస్త లూజు చేసి పెడతావా?" అన్నాడు చివరికి. "నాలుగు వేళ్లు చాలనుకుంటా."

ఆమె అంగీ తీసి దులిపి, హ్యాంగరుకు వేసి, బీరువాలో తన బట్టల వైపు తగిలించింది.

"ఇది నా కొలతండి. మీకు వేరేది కుడతాను," అని మెళ్లో టేపు తీసింది. "లేచి నిలబడండి."

ఆయన లేచి నిలబడ్డాడు.